లంగా బట్టతో కుట్టిన అంగీలు

భీవండి
శుక్రవారం, సాంచాలు బంద్ ఉన్న రోజు

అక్కకు తమ్ముడు శంకర్ రెండు చేతులూ జోడించి రాసేది.

ఇక్కడ నేను, నీ మరదలు, బిడ్డ స్వరూప ముగ్గురం ప్రాణాలతో ఉన్నాం. క్షేమం అని రాయడం పద్ధతి, కాని ఈసారి ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అక్కడ నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని అనుకుంటాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బీడీల చాట ముందు అంతసేపు మఠం వేసుకుని కూర్చోకు, నడుమ నడుమ కాళ్ళు చాపుకో అని ప్రతి ఉత్తరంలో రాస్తున్నాను. నువ్వు ప్రతి జవాబులో సరే అంటున్నావు. కూర్చోవడం మానవని నాకు తెలుసు. ఇంట్లో మాట్లాడే భాష వేరు, ఉత్తరం రాసే భాష వేరని బడిలో సారు నన్ను కొట్టి మరీ నేర్పాడు కదా, ఆ దెబ్బలు ఇంకా గుర్తున్నాయి. అందుకే ఇట్లా పుస్తకంలో లాగా రాస్తున్నాను, నవ్వకు.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. ఇక్కడి మనవాళ్ళ వాడ నుంచి సిరిసిల్లకు వస్తున్న మనిషి చేతికి ఇస్తున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువు. బావ సాంచాల దగ్గర ఉన్న వేళ చూసి చదువు.

ఇక్కడ నెల రోజులుగా ఒకటే వాన. ఆరబెట్టిన బట్ట ఆరదు, పొయ్యిలో కట్టె మండదు. సాంచాల చప్పుడుకు నా ఎడమ చెవి సగం పోయింది. అక్కడా అదే చప్పుడే కదా అంటావు. అక్కడ ఎనిమిది సాంచాల చప్పుడు, ఇక్కడ ఒక్క రేకుల కప్పు కింద అరవై మరమగ్గాలు. దూది నుసి అన్నంలో పడుతుంది, తీసి పారేసి తింటాం. మూడేళ్ళయినా ఈ ఊరి నీళ్ళు ఒంటికి పట్టలేదు. నీ మరదలు నూలు కండెలు చుడుతుంది, చుడుతూ చుడుతూ ఏడుస్తుంది, ఎందుకని అడిగితే నుసి పడిందంటుంది. నాకు ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడబుద్ధి కాదు. చేతనైతే ఈ మనిషి తిరిగి వచ్చేటప్పుడు కొంచెం మామిడికాయ తొక్కు పంపు. స్వరూప నీ చేతి సర్వపిండి అడిగింది. అడిగిందంటే నోటితో కాదు, పలక మీద రాసింది.

నీ ఉత్తరం అందింది. మన వాడకట్టు ఫుట్‌బాల్ టీము మళ్ళీ లేచిందని, దసరా దాటినాక కోరుట్ల పోయి ఆడబోతోందని, పిల్లలకు ఆట నేర్పుతున్నది మన రాజేశమే అని రాశావు. రాజేశం నీ ఇంటికి వచ్చి చెప్పిన మాట కూడా ఉన్నదున్నట్టు రాశావు. "అక్కా, శంకరన్నను రమ్మను. స్వరూపను తోల్కరమ్మను. కోరుట్ల దాక బస్సుల దాన్ని నా పక్కపొంటి కూసోబెట్టుకుంట. గప్పుడు జనం నోళ్ళు మూతపడ్తయి." ఈ మాట చదివి నేను రెండు రోజులు అన్నం తినలేదు. నువ్వేమో అతని మంచితనాన్ని మెచ్చుకున్నావు. పిల్ల చేసిన తప్పును మనసులో పెట్టుకోలేదు, దేవుడు తమ్మీ అని రాశావు.

పిల్ల ఏ తప్పూ చేయలేదక్కా. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

పదిహేను రోజుల కింద ఇక్కడి మన తెలుగువాళ్ళ టీము ఆటకు కళ్యాణ్ పోయింది. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పిల్లను తీసుకుని ఒకసారి ఆటకు పోయి చూద్దాం, అది ఎట్లా ఉంటుందో చూద్దాం అని బయలుదేరదీశాను. అది బాగానే తయారైంది, జడలు వేయించుకుంది. బస్టాండు గేటు దగ్గర ఒక పోలీసు నిలబడి ఉన్నాడు, ఊరికే, గొడుగు పట్టుకుని. స్వరూప నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆగిపోయింది. ఎన్నాళ్ళకో దాని గొంతు విన్నాను.

"బాపు, ఆయన నన్నేమన్న అడిగితె, ఇది మూగది అని చెప్పు."

తొమ్మిదేళ్ళ పిల్ల అక్కా. దాని తెలుగు బడి టీచరమ్మ ఇంతకుముందే నన్ను పిలిపించి చెప్పింది. "మీ పిల్లకు అన్నీ వచ్చు, రాయమంటె రాస్తది. అడిగితె మాత్రం నోరిప్పది. చెవులు వినవడ్తయా దానికి?" అని. బెదురు పిల్ల, ఊరు కాని ఊరు, అలవాటు పడుతుందని టీచరమ్మకు చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను.

మూడేళ్ళ కిందటి కోరుట్ల ఆట సంగతి నీకు తెలిసిందే, కాని తెలిసినట్టు జరగలేదు. మొదటి నుంచీ రాస్తాను, ఓపిక చేసుకో.

ఆ రెండు తానులు గుర్తున్నాయా? హైదరాబాదు సేటు లంగాల కోసం ఆకుపచ్చ బట్ట అడిగితే, అద్దకంలో చెడి, బురద కలిసిన పచ్చగా వచ్చింది. సేటు వాపసు పంపాడు. బావ వాటిని మూలకు వేసి వారం రోజులు కనబడిన వాళ్ళనల్లా తిట్టాడు. మా టీముకు అంగీలు లేవు బావా అని నేను అడిగితే, "తీస్కపో బామ్మర్దీ, నా కండ్ల ముందల్నుంచి తీస్కపో" అన్నాడు. అప్పుడు రాజేశం నా పక్కనే ఉన్నాడు. బట్టను రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్ది చూసి, "పోగు మంచిగున్నదన్నా, నాలుగేండ్లు చినగది" అన్నాడు. నేనూ వెలుగుకు పట్టి నేత చూశాను. తరువాత టీములో అందరూ ఒక్కొక్కరే పట్టుకుని చూశారు. అంచు బాగుందన్నారు, పోగు తప్పలేదన్నారు. పధ్నాలుగు మందిమి, అందరం పుట్టుకతో నేతవాళ్ళం, ఒక్కడూ రంగు సంగతి ఎత్తలేదు. మనకు బట్ట అంటే నేత. రంగు అద్దేవాడి పని, అమ్మేవాడి గొడవ. ఆ రోజుల్లో ఆ రంగు ఒంటి మీద వేసుకుని గుంపుగా ఊళ్ళు దాటితే ఎవరనుకుంటారో మగ్గం ముఖం చూడని ఏ మనిషిని అడిగినా చెప్పేవాడు. మేము ఎవరినీ అడగలేదు.

మిగిలిన ముక్కతో స్వరూపకు ఒక అంగీ కుట్టించాము. దర్జీ దగ్గర నుంచి దాన్ని ఇంటికి తెచ్చి ఇచ్చింది రాజేశం. మోకాళ్ళ కిందికి వచ్చింది. అప్పుడు దానికి ఆరేళ్ళు. అది వేసుకుని మీ వాకిట్లో గిరగిరా తిరిగింది, నువ్వు దిష్టి తీశావు.

పసుపు తేవడానికి కోరుట్ల పోయే ఖాళీ లారీ దొరికింది, పొద్దున్నే ఎక్కాం. దారి పొడుగునా పాటలే. కోరుట్లలో దిగగానే వాళ్ళ టీమువాళ్ళు మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. "ఏందిరో, లంగాలు కుట్టియ్యబోయి అంగీలు కుట్టిచ్చిండ్రా?" అని ఒకడు అరిచాడు. నేతవాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారు, లంగా బట్టను వెంటనే పట్టేశారు, వాళ్ళ కళ్ళకూ రంగు ఆనలేదు చూడు. రాజేశం ఊరుకుంటాడా? "అవు, లంగాలు గూడ కుట్టిచ్చినం. ఓడిపోయినోళ్ళకు ఇచ్చిపోతం" అన్నాడు. దుబాయి నుంచి వచ్చినాయన ఒకడు టేపు రికార్డరు తెచ్చి గట్టు మీద పెట్టి పాటలు పెట్టాడు. స్వరూప నా మెడ మీద కూర్చుని ఆట చూసింది. ఒక్క గోలు మనం వేశాం. చివరలో వాళ్ళకు పెనాల్టీ వచ్చింది. రాజేశం కుడి పక్కకు దుమికి ఒంటిచేత్తో బంతిని ఆపాడు. గెలిచాం. ఓడిపోయినవాళ్ళే మాకు మిర్చీలు, చాయ తెచ్చి ఇచ్చారు. అక్కా, నా బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. ఇప్పుడు ఆ రోజును తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వాపసు వచ్చేటప్పుడు పసుపు బస్తాల మీద కూర్చున్నాం. లారీవాడు జగిత్యాలలో నాలుగు బస్తాలు దింపాడు. జగిత్యాల దాటి కొంత దూరం వచ్చినాక, ఇంకా ఎండ ఉండగానే, ఒక కల్వర్టు దగ్గర పోలీసులు ఆపారు. ఎక్కడివాళ్ళో రాయను, పేర్లు రాయను, నాకు తెలియవు కూడా. అందరినీ దింపి వరుసగా నిలబెట్టారు. చేతులు పైకెత్తమన్నారు. నా చేతుల్లో పిల్ల ఉంది, అందుకని నన్ను ఎత్తమనలేదు. పెద్ద సారు ఒక్కొక్కరి అంగీ పట్టి చూశాడు. "అందరికీ ఒకే రంగు. ఈ బట్ట ఎవరిచ్చారు? ఎవరు కుట్టించారు?" అన్నాడు. టీముకు పెద్ద నేను కాబట్టి నేను చెబుతానని అందరూ నా వైపు చూశారు.

నేను స్వరూపను ఇంకొంచెం పైకి ఎత్తుకున్నాను. అడవిలో ఉన్నవాళ్ళకు సిరిసిల్ల నుంచి బట్ట పంపుతున్న ఆసామి ఎవడని ఆ నెలల్లో ఇల్లిల్లూ వెతుకుతున్నారు, నీకు గుర్తుండే ఉంటుంది. బావ పేరు చెబితే బావను తీసుకుపోతారు. నీకు ముగ్గురు పిల్లలు, చిన్నవాడు ఇంకా పాలు మరవలేదు. కుట్టించింది నేనే అంటే నన్ను తీసుకుపోతారు. ఇవన్నీ ఆలోచించానని ఇప్పుడు గొప్పగా రాస్తున్నాను. అప్పుడు భయమే అక్కా, ఉత్త భయం.

సారు స్వరూప దగ్గరికి వచ్చాడు. దాని బుగ్గకు అంటిన పసుపు చూసి నవ్వాడు. "ఏమ్మా, నీ చొక్కా చాలా బాగుందే. ఎవరిచ్చారు?" అన్నాడు. పిల్ల నోరు తెరవబోయి, ముందు నా ముఖం చూసింది. పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే నన్నడిగి చెప్పమని నేనే నేర్పాను కదా. నేను దాని బుగ్గ మీద పసుపు తుడుస్తున్నట్టు ముఖం వంచి, చెవిలో చెప్పాను. "రాజేశం మామ అని చెప్పు."

అది చెప్పింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా, నవ్వుకుంటూ చెప్పింది. దాని గొంతు అందరికీ వినబడింది. నా గొంతు ఎవరికీ వినబడలేదు.

రాజేశం వరుసలోంచి ముందుకు వచ్చాడు. "అవు సార్, నేనే తెచ్చిన" అన్నాడు. దర్జీ దగ్గర నుంచి తెచ్చింది అతనే కదా, పిల్ల అదే చెప్పిందనుకున్నాడు. వాళ్ళు అతన్ని పక్కకు నిలబెట్టారు. మిగతా అందరినీ అంగీలు విప్పించి, బనీన్లతో లారీ ఎక్కించి పంపారు. "రేపు అడిగి పంపిస్తాం" అన్నారు. లారీ కదిలేటప్పుడు స్వరూప అతనికి చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు.

ఇంటికి రాగానే బావకు చెప్పాను. అవునక్కా, బావకు అన్నీ తెలుసు, ఆ రోజు నుంచే తెలుసు. "అయిపాయె, ఇగ ఊకో. నాల్గొద్దులల్ల ఇడుస్తరు" అన్నాడు. నేను ఊకున్నాను. నాలుగు రోజులు కాదు, నలభై రోజులు. బట్ట ఎవరిదో రాజేశానికి తెలుసు, బావ తానులు ఇచ్చినప్పుడు అక్కడే ఉన్నాడని రాశాను కదా. నలభై రోజులు అడిగినా బావ పేరు చెప్పలేదు. నా పేరు చెప్పలేదు. చెత్తబుట్టలో దొరికిన బట్ట అని ఒక్కటే మాట మీద ఉన్నాడట. కుడి చేతి మూడు వేళ్ళు ఇక ముడుచుకోవని నువ్వే చూశావు. పెనాల్టీ ఆపిన చెయ్యి అదే. తెగిన పోగు ముడి వేయలేని మనిషి సాంచె ముందు ఎట్లా నిలబడతాడు? మీ ఇంట్లో ఎనిమిది సాంచాలు ఈ రోజు కూడా నడుస్తున్నాయంటే ఆ మూడు వేళ్ళ వల్ల అక్కా. ఈ మాట నీకు కోపం తెప్పిస్తుంది, తెప్పించనీ.

తరువాత వాడకట్టు ఏమందో నీకు తెలుసు. లారీ డ్రైవరు హోటల్లో చెప్పాడు, హోటల్ నుంచి బీడీల కార్ఖానాకు పోయింది. "గా పోరి నోరే రాజేశం చెయ్యి తీసింది" అన్నారు ఆడవాళ్ళు. బడిలో పిల్లలు "పోలీసు బిడ్డ" అని వెంటపడ్డారు. అది ఇంటికి వచ్చి నా ముఖం చూసేది. ఏమీ అడిగేది కాదు, చూసేది. రాజేశం తల్లి ఒక రోజు నలుగురిలో పిల్లను శాపనార్థాలు పెడుతుంటే, ఆ కట్టు కట్టిన చేత్తోనే రాజేశం తల్లిని ఆపాడు. "చిన్న పోరి అవ్వా, దానికేమెరుక? దాన్నేమనకు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. నేను పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చాను, నెల తిరగకుండా భీవండి బస్సెక్కాను. పని కోసం పోతున్నానని అందరికీ చెప్పాను, నీకూ అదే చెప్పాను. మగవాడు కూలి కోసం వలస పోతే జాలిపడతారు, ఎవరూ కారణం అడగరు. ఆ జాలిని మూడేళ్ళు తిన్నాను.

ఇక కళ్యాణ్ సంగతి. మైదానంలో మోకాళ్ళ లోతు బురద, మన టీము చిత్తుగా ఓడిపోతోంది. మేమిద్దరం ఒక రేకు కింద నిలబడ్డాం. స్వరూప బంతిని చూడడం లేదు, గోలు కాసేవాడి చేతులనే చూస్తోంది. బంతి వాడి చేతికి తగిలినప్పుడల్లా దాని వేళ్ళు ముడుచుకుంటున్నాయి. నేను ఇక ఆగలేకపోయాను. కూర్చుని, దాని ఎత్తుకు వచ్చి, చెప్పాను. కోరుట్ల నుంచి వచ్చిన రోజు రాజేశం మామ పేరు చెప్పింది నువ్వు కాదు బిడ్డా, నేను, నీ చెవిలో చెప్పి నీతో అనిపించింది నేను అని చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను, నన్ను కొడితే బాగుండని కూడా అనుకున్నాను.

"నాకెరుకనే బాపు" అంది.

"ఎరుకయితె ఇన్నొద్దులు ఎవ్వరికి చెప్పకపోతివేంది బిడ్డా? అందరు నిన్ను అంటుంటె?"

"నోరు తెరిస్తె గదే అస్తదని."

అంతే అన్నది. బడిలో లెక్క అడిగినా, దుకాణంలో ఉప్పు అడిగినా, నోరు తెరిస్తే అదే బయటికి వస్తుందని మూడేళ్ళు నోరు కట్టేసుకుంది. పోలీసులకు భయపడి కాదు అక్కా. నన్ను కాపాడటానికి. నేను ఆరేళ్ళ పిల్ల నోట్లో నా భయాన్ని పెట్టాను, అది దాన్ని బయటికి పోనియ్యకుండా మోసింది.

కాబట్టి నా జవాబు ఇది. మేము వస్తున్నాం. టీము బయలుదేరే ముందటి రోజుకల్లా సిరిసిల్లలో ఉంటాం. రాజేశం స్వరూపను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ముందు, బస్సు దగ్గర అందరి ముందు నేను చెబుతాను. మేము వచ్చేలోపు నువ్వు అతని ఇంటికి పోయి ఎదురుగా కూర్చుని ఈ ఉత్తరం చదివి వినిపించు. అతని తల్లిని కూడా కూర్చోబెట్టు. అతను నా ముఖం మీద ఉమ్మాలనుకుంటే ఆలోచించుకోవడానికి అతనికి వ్యవధి ఉండాలి. బావ పేరున్న చోట్లు వదిలేసి చదవాలని నీకు అనిపించవచ్చు. నిన్ను తప్పు పట్టే యోగ్యత నాకు లేదు. కాని ఒకసారి వదిలేసి చెప్పిన మాట ఎంత దూరం పోయిందో చూశావు కదా. బావ కోపంతో నన్ను గడప తొక్కనివ్వకపోతే మేము రాజేశం వాళ్ళ అరుగు మీద పడుకుంటాం, అక్కడా కాదంటే బస్టాండు ఉంది.

బావకు నా నమస్కారం చెప్పు, తీసుకుంటే. పిల్లలకు ముద్దులు. నీ మరదలు నీ కాళ్ళకు మొక్కుతున్నానని రాయమంది. నాకు దీవెన అడిగే ముఖం లేదు, నాకు వద్దు. నా వంతు కూడా స్వరూపకు ఇవ్వు.

రాయడం అయిపోయినాక దాని చేతికి ఇచ్చి, ఏమన్నా తప్పులుంటే చూడు బిడ్డా అన్నాను. మనసులో చదువుకుంటుందనుకున్నాను. పైకి చదివింది అక్కా, గట్టిగా, మొదటి నుంచి. కండెలు చుడుతున్న నీ మరదలు చెయ్యి ఆగిపోయింది. చెవిలో చెప్పిన చోటికి వచ్చేసరికి అది ఆగింది. ఇక చదవదనుకున్నాను. వేలు అక్కడే పెట్టి, "బాపు, గిది శాన చిన్నగ రాసినవు. పెద్దగ రాయి" అంది.

పెద్దగా రాస్తున్నాను. రాజేశం పేరు చెప్పించింది నేను.

నీ తమ్ముడు
శంకర్